బాపు పట్నం పోలేదు

మంచాల బస్సులో ఎవరిదైనా తడిసిన గొంగడి వాసన తగిలితే నాకు మా నాన్న, బాపు, గుర్తొస్తాడు.

రజాకార్ల కాలంలో ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో వాళ్లను ఎదిరించడానికి సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకడు. గొంగడి ఇంట్లోనే వదిలి ఒకనాడు పోయినవాడు మళ్లీ రాలేదు. అడిగితే "పట్నం పోయిండు" అనేవాళ్లు. నాకప్పుడు ఆరేళ్లు, నమ్మాను. పోలీస్ యాక్షన్ అయింది, రజాకార్లు పోయారు. నేను మాత్రం రోజూ సాయంత్రం పట్నం బాట మీద నిలబడి చూసేదాన్ని.

ఒకరోజు నాట్లేసి వచ్చిన అమ్మ, కాళ్ల బురదైనా కడుక్కోకుండా నా పక్కన కూలబడింది.

"ఇగ చూడకు బిడ్డా. మీ బాపు సచ్చిపోయిండు. అడవిల కాల్చిన్రు. నీకు చెప్పనీకి నాకు నోరు రాలే."

"మరి ఆయన గొంగడి?"

"అది నీదే. కప్పుకో."

ఆ పూట అమ్మ కడుపునిండా గట్క తిని, గోడకానుకునే నిద్రపోయింది. బాపు చచ్చిపోతే ఈమెకు తిండెట్లా సహించిందని నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అంతకాలం నా ముందు ఏడవకుండా ఉండడానికి ఆమె ఎంత అలసిపోయిందో, మొన్న మా ఆయన పోయి, మనవరాలికి నేనే చెప్పాల్సి వచ్చినప్పుడు తెలిసింది.