బ్యాకన్న మీద దరఖాస్తు

మా మిల్లు ఫుట్‌బాల్ జట్టు గెలిచిన సాయంత్రాలకంటే ఓడిన సాయంత్రాలే నాకు బాగా గుర్తున్నాయి. గెలిచినవి తక్కువ కావడం ఒక కారణం. ఓడిన రోజున గేటు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోవడానికి చోటు దొరికేది కాదు, అది రెండో కారణం. డెబ్బై దశకం చివరి సంవత్సరాల మాట ఇది. మిల్లు గ్రౌండులో నాలుగింటికి ఆట మొదలయ్యేది. ఆరయ్యేసరికి మా మొహాలు వాడిపోయేవి. అక్కణ్ణుంచి నేరుగా హోటల్‌కు నడిచేవాళ్ళం, ఛాయ్ తాగడానికి కాదు, తిట్టడానికి.

'మా జట్టు' అంటున్నాను గానీ నేను మిల్లులో పనిచేసినవాణ్ణి కాను. హన్మకొండలో ఒక వకీలు దగ్గర గుమాస్తాని. ఇల్లు మిల్లు వెనక గల్లీలో. ఆ గల్లీలో పుట్టినవాడికి ఆ జట్టు మీద పిచ్చి అడక్కుండానే అంటుకునేది. వదిలించుకుందామని రెండుసార్లు ప్రయత్నించాను కూడా. ఆదివారం వచ్చేసరికి కాళ్ళు అటే పోయేవి.

హోటల్లో వాదన మొదలుపెట్టేది ఒక దర్జీ. గుడ్డల మీద గీతలు గీసే సుద్దముక్క జేబులోంచి తీసి, షాబాదు బండ వేసిన బల్ల మీద గ్రౌండు గీసేవాడు. ముందు ఐదు సున్నాలు, మధ్యలో మూడు, వెనక రెండు.

"సూడున్రి. ముందట ఐదుగురు, ఎన్కకు ఇద్దరే. గిదేం ఆటనే? కాజీపేటోళ్ళు ఎన్కకు నలుగుర్ని పెట్టి ఆడుతాండ్రు. మనాయన ఇంక తాతలనాటి ఆటనే పట్టుకొని యేలాడుతాండు."

"ఆయనకు చెప్పేదెవరు?" అనేవాడు కంపౌండరు. చౌరస్తాలో ఒక డాక్టరు దగ్గర సూదులేసే మనిషి. ఎంత కోపం వచ్చినా మెల్లగా మాట్లాడేవాడు కాబట్టి అతని మాట మాకు తెలివైనదిగా తోచేది.

ఆ 'ఆయన' మా జట్టు మేనేజరు. మిల్లులో స్పిన్నింగ్ జాబరు, అంటే ఒక వరుస యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళకు పెద్ద. అందరూ జాబర్ సాబ్ అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఐదుగురు ఫార్వర్డుల్లో నడిమివాడట. అప్పుడు గెలిచారట, అందుకని ఎప్పుడూ అట్లాగే ఆడాలట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి. ఒకసారి ధైర్యం చేసి గ్రౌండు బయట అడిగాను, వెనక ఇంకో ఇద్దరిని పెడితే ఏమవుతుంది సాబ్ అని. సైకిల్ స్టాండు తీస్తూ, "ఎన్కకు నిలవడితె గోల్ అయితదా? ఆడేటోళ్ళకు లేని ఫికర్ సూసేటోళ్ళకెందుకు?" అని వెళ్ళిపోయాడు.

వెనక ఉండే ఆ ఇద్దరిలో ఎడమవైపు వాడు బ్యాకన్న. లెఫ్ట్ బ్యాక్ కాబట్టి గల్లీ అంతా ఆ పేరే ఖాయం చేసింది. ముప్పై అయిదుకు దగ్గర పడ్డాడు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. ఆయన భార్య బీడీలు చేసేది, నేను వదినె అనేవాణ్ణి. ముందటి ఏడు ఒక ఆటలో పడ్డప్పుడు ఆయన కుడి మోకాలు దెబ్బతింది. వేడి ఆముదం రాసి, పాత గుడ్డ బిగించి కట్టి, పైన మేజోడు లాగి ఆడేవాడు. నేరుగా పరిగెత్తగలడు. పక్కకు తిరగాల్సి వస్తేనే చిక్కు. అవతలి జట్లకు ఆ సంగతి తెలిసిపోయింది. అందరూ అటునుంచే వచ్చేవారు.

ఆయన ఆడటం ఎందుకు ఆపలేదో మాలో అందరికీ తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను. ఆయన మిల్లులో బదిలీ వర్కరు. పొద్దున సైరన్‌కు ముందే గేటు దగ్గర నిలబడాలి. పర్మినెంట్ వాడెవడైనా రాకపోతే లోపలికి పిలుస్తారు, అందరూ వస్తే ఇంటికి పోవాలి. అట్లా ఏడేళ్ళు నిలబడ్డాడు. అయితే జట్టులో ఆడే బదిలీవాళ్ళకు ఒక వరుస ఉండేది. లీగు అయిపోయాక మేనేజరు ఇచ్చిన లిస్టు చూసి, ఏటా ఒకరిని పర్మినెంట్ చేసేవారు. ఆ ఏటి వరుస బ్యాకన్నది. ఆఖరి ఆట దాకా జట్టులో ఉంటే చాలు.

"ఈ ఒక్క ఏడు గడిస్తె గేటు కాడ నిలవడే బాధ తప్పుతది మరిది" అని వదినె నాతో ఎన్నిసార్లు అన్నదో. తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అనేది.

ఆ ఏడే జట్టు అడుక్కి పోయింది. ఇంకా రెండు ఆటలున్నాయనగా, జట్టు బి డివిజన్‌కు పడిపోతే ఇక జట్టే ఉండదని లేబర్ ఆఫీసరు అన్నాడని వార్త వచ్చింది. మిల్లు పరిస్థితి కూడా అప్పటికే బాగాలేదు, ఆఫీసరుకు వంక దొరికింది. ఆ రోజు హోటల్లో దర్జీ గ్రౌండు గీయలేదు. సుద్దముక్కతో వెనక ఎడమవైపు ఒకే ఒక సున్నా గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఆయన మనోడే. కాదంటలేను. కని ఒక్కని కోసం పదకొండు మంది ఆట పోవాల్నా?" అన్నాడు కంపౌండరు, ఎప్పటిలాగే మెల్లగా.

వెనక నలుగురిని పెడితే బ్యాకన్న పక్కన ఇంకొకడుండేవాడు, ఆ మోకాలు ఎవరికీ అడ్డం కాకపోయేది. మాకది తెలుసు. కానీ జాబర్ సాబ్‌ను కదిలించడం మా వల్ల కాదు, బ్యాకన్నను తీయించడం మా వల్ల అవుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. సరాసరి ఆఫీసరుకు దరఖాస్తు పెడదామన్నారు. రాసేదెవరంటే అందరూ నావైపు చూశారు. వకీలు దగ్గర నాలుగేళ్ళు చేసిన నాకు ఇంగ్లీషులో దరఖాస్తు రాయడమంటే గొప్ప. నా రాత ముత్యాల్లా ఉంటుందని మా వకీలు జడ్జీల ముందు అనేవాడు.

మర్నాడు ఫుల్‌స్కేప్ కాగితం మీద రాసి తెచ్చాను. ఎడమ బ్యాక్ మోకాలు పూర్తిగా పాడైందని, తిరగలేడని, ఎక్కువసేపు నిలబడలేడని, మేనేజరు పట్టుదల వల్లనే ఇంకా జట్టులో ఉన్నాడని రాశాను. నిలబడలేడన్నది నిజం కాదు. వాక్యం బాగా కుదిరిందని అట్లా రాశాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తుంది.

సంతకాలు ముప్పైకి పైనే అయ్యాయి. ఇంకా పెడుతుండగా బ్యాకన్నే లోపలికి వచ్చాడు. ఆ రోజు పని దొరకలేదు, ఛాయ్ తాగిపోదామని వచ్చాడు. దర్జీ బయటికి చూడటం మొదలుపెట్టాడు. కంపౌండరు ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు. బ్యాకన్న కుడికాలు చాపుకొని నా పక్కనే కూర్చున్నాడు.

"ఏం కాయిదం తమ్మీ?"

"జట్టు కోసమన్నా" అన్నాను. "ఆఫీసరుకు ఇస్తానం."

"జట్టు కోసమైతె నాది లేకుంట ఎట్లనే? ఇటు తే."

ఆయనకు ఇంగ్లీషు రాదు. తెలుగులో తన పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాడు. ఆపవచ్చు. పెన్ను చేతిలోంచి తీసుకోవచ్చు. అక్కడున్న వాళ్ళెవరూ నోరు తెరవలేదు, నేనూ తెరవలేదు. సంతకం తడి ఆరేదాకా కాగితం పట్టుకొని కూర్చున్నాను.

ఆఫీసరు హుకుం వచ్చింది. చివరి రెండు ఆటలకు బ్యాకన్నను తీసి, స్పిన్నింగులో కొత్తగా చేరిన ఒక కుర్రవాణ్ణి పెట్టారు. జాబర్ సాబ్ ఆఫీసరుతో కొట్లాడాడని, అయినా సాగలేదని విన్నాం. పాపం, ఆ కుర్రవాడు బాగానే ఆడాడు. ఎడమవైపునుంచి ఒక్క గోల్ కూడా పోలేదు. మొదటి ఆటలో రెండు నడిమిలోంచి, రెండోదానిలో మూడు కుడివైపునుంచి పడ్డాయి. ముందు ఐదుగురు ఐదుగురే, వెనక ఇద్దరు ఇద్దరే. ఆఖరి ఆటకు బ్యాకన్న కూడా వచ్చి మాతోపాటు గోడ మీద కూర్చున్నాడు. "జర జరుగు! నడిమికి జరుగు!" అని ఆ కుర్రవాడికి కేకలేస్తూనే ఉన్నాడు. విజిల్ పడ్డాక కూడా కాసేపు అన్నాడు, అలవాటు కొద్దీ.

జట్టు పోయింది. వారంలో గోల్ కర్రలు కూడా పీకేశారు. హోటల్లో వాదించడానికి ఏమీ మిగల్లేదు. కొన్నాళ్ళు సినిమాల గురించి మాట్లాడాం, తర్వాత రావడమే తగ్గించాం.

నెల రోజులకు ఒక పొద్దున జాబర్ సాబ్ మా ఇంటి ముందు సైకిల్ ఆపాడు. అంతకుముందెప్పుడూ మా గల్లీలోకి రాలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అంగ్రేజీల రాసింది నువ్వేనటగద."

తలూపాను.

"జట్టు లేకున్నా వరుస వరుసే గదా అని లిస్టు పట్టుకొని ఆఫీసరు కాడికి పోయిన. మీ కాయిదం తీసి ముందట పెట్టిండు. నిలవడలేనోడు ఎనిమిది గంటలు మగ్గం కాడ ఎట్ల పనిజేస్తడన్నడు. అబద్ధం సార్, మంచిగ నిలవడ్తడన్న. అబద్ధమైతె కింద ఆయన సంతకమెందుకున్నదన్నడు." గొంతు సవరించుకున్నాడు. "పర్మినెంట్ పాయె. గేటు కాడ పిలుసుడు కూడ బంద్ జేసిన్రు."

ఆయన హ్యాండిల్ పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

"ఏడాదంత ఆడిపిచ్చింది గందుకే. ఆడుతాండంటె కాలు మంచిగున్నట్టే లెక్క గద. మీరన్నట్టు ఎన్కకు నలుగుర్ని పెడ్తె గా మోకాలు ఎవ్వనికి కానరాకపోవు. గది నేను ఇనలె" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినాలని రెండేళ్ళు ఎదురుచూశాం. విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ఆ రోజు కచేరీకి పోలేదు. నాలుగిళ్ళు దాటి బ్యాకన్న ఇంటికి పోయాను. గడపలో కూర్చుని, ఇనుప రేకు ఆకు మీద పెట్టి తునికాకు కత్తిరిస్తున్నాడు. వదినె లోపల బీడీలు చుడుతోంది. నన్ను చూసి కూర్చోమని చాప జరిపాడు. నేను కూర్చోలేదు. కాగితంలో ఏం రాశానో ఒక్క మాట దాచకుండా నిలబడే చెప్పాను. లోపల వదినె చేతులు ఆగిపోయాయి.

"ఎరుకేనే" అన్నాడు ఆయన. "గేటు కాడ చెప్పిన్రు."

"మరి ఆ రోజు అడగలేదేందన్నా?" నా తప్పు ఆయన మీదికి కొంచెమైనా నెట్టాలని చూశానేమో, గొంతు పెంచాను. "ఏం రాసి ఉన్నదో సదివిచ్చుకుంటె అయిపోవు గద!"

ఆయన కత్తెర ఆపి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"రాసింది నువ్వైతివి" అన్నాడు. "నువ్వు రాసినంక ఇంక సదివిచ్చుకునుడేంది తమ్మీ?"