మా లాన్‌లో వరి పంట

నవ్వకుండా వింటానంటే చెప్తాను. మొన్నాదివారం అమలాపురంలో మా ఇంట్లోనే నా పరువు పోయింది. తీసినవాళ్లెవరూ లేరు, నేనే పోగొట్టుకున్నాను!

మా ఆయనకి లాన్ అంటే పిచ్చి. ఇల్లు కట్టగానే కడియం నర్సరీ నుంచి మెత్తటి గడ్డి తెప్పించి వాకిట్లో పరిపించేరు. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పేసి దానిమీద నడుస్తారు. ఆ మనిషికున్న సరదా అదొక్కటే.

వానలు పడగానే ఆ లాన్ మధ్యలో వేరే గడ్డేదో దుబ్బుగా లేచింది. ఆయన పీకబోయేరు. నేను పరిగెత్తేను.

"అయ్యయ్యో, వరండీ అది! అన్నం పెట్టే మొక్కని పీకుతారా?"

"వరేనంటావా?"

"రైతు కూతుర్నండీ నేను! నాకా చెప్తారు?"

పాపం, పీకడం మానేసేరు. రోజూ నీళ్లు కూడా పోసేరు. నేనేమో పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని పక్కన చేరి, ఆయనకి మా పుట్టిల్లు కొత్తపేట కబుర్లు చెప్పడం. ఒక దుబ్బు పది దుబ్బులైంది. సగం లాన్ మాయం! గింజలతో వెన్నులు కూడా వచ్చేయి. కాస్త ఎర్రగా ఉంటే, కొత్త రకం కాబోలనుకున్నాను. ఆనందం పట్టలేక నాన్నగారికి ఫోన్ చేసేను, మా వరి చూద్దురుగాని రమ్మని.

వచ్చేరు. వంగి ఒక వెన్ను నలిపి చూసేరు. నాకేసి చూసేరు. మళ్లీ అల్లుడికేసి చూసేరు.

"వరేనండి అల్లుడు గారూ. ఆయ్! కోతకొచ్చేసింది. ఇప్పుడే కోసేస్తాను" అంటూ పంచె ఎగ్గట్టి, వేళ్లతో సహా పీకడం మొదలెట్టేరు!

కోతంటే వేళ్లతో పీకుతారా ఎక్కడైనా? అనుమానమొచ్చి, మా ఆయన లోపలికెళ్లగానే అడిగేను.

"ఇది ఊదగడ్డి తల్లీ! వరిచేలో అచ్చం వరిలాగే పెరిగే కలుపు. గింజ రాలిందంటే అబ్బాయి లాన్ ఇంక దక్కదు. ఒక్కరోజైనా నిన్ను చేలో దిగనిచ్చేనా? తప్పు నాదే. నువ్వు మాట్లాడకు" అన్నారు నాన్నగారు గుసగుసగా.

సిగ్గుతో చచ్చిపోయేను. వంటింట్లో మావగారికి టీ పెడుతున్న మా ఆయన దగ్గరకెళ్లి నిజం చెప్పేసేను.

"నాకు తెలుసు. నర్సరీ ఆయన ఎప్పుడో చెప్పేరు."

"మరి నీళ్లెందుకు పోసేరండీ?"

"పొద్దున్నే దాని పక్కన కూర్చుంటే నీ మొహం వెలిగిపోయేది. ఎలా పీకను?"

అంతిష్టమైన లాన్ నాకోసం పాడుచేసుకున్నారా ఈ మనిషి! ఏడుపాగలేదు. బయటికి పరిగెత్తి, కుచ్చెళ్లు దోపి, నాన్నగారి పక్కన కూలబడి కసిగా పీకడం మొదలెట్టేను. కళ్లనిండా నీళ్లు. చేతికి దొరికింది దొరికినట్టు పీకేస్తున్నాను.

కాసేపటికి నాన్నగారు మెల్లిగా నా చెయ్యి పట్టుకున్నారు.

"చాలు తల్లీ, ఆపు. నువ్వు పీకుతున్నది అబ్బాయి గడ్డి."