మిరపకాయ బస్తాలు రెండు

మొన్న శుక్రవారం పొద్దున కోర్టుకి వెళ్ళేసరికి మా బంట్రోతు గుమ్మంలోనే ఎదురొచ్చి చెప్పాడు. "జట్కా సాయిబు పోయాడంటమ్మా, తెల్లారుజామున. దగ్గుతా దగ్గుతానే పోయాడంట." మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళతారని కూడా చెప్పాడు. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చుని, టైపు మిషను మీద గుడ్డ తియ్యబోయి, మళ్ళీ కప్పేశాను.

మా తాలూకా వాళ్ళలో చాలామందికి ఆయన తెలిసే ఉంటారు. అద్దంకి రోడ్డు మొదట్లో ఉన్న జట్కా స్టాండులో అందరికంటే పాతకాపు. మా వీధి పిల్లలం ఆయన్ని సాయిబు తాత అనేవాళ్ళం. ఆయన గురించి నాలుగు మంచి ముక్కలు రాద్దామని కూర్చుంటే, చెయ్యి పెట్టగానే ముందుకొచ్చింది సిగ్గు. అది నా ఒక్కదాని సిగ్గూ కాదు, మా వీధి వీధంతటిదీ. దాన్ని పక్కన పెట్టి రాస్తే ఆయన గురించి రాసినట్టే కాదు.

మేం ఆరుగురం ఆడపిల్లలం ఆయన జట్కాలో బడికి వెళ్ళేవాళ్ళం. బండిలో గడ్డి పరిచి, గుచ్చుకోకుండా పైన గోనెపట్టా, దాని మీద పాత దుప్పటి వేసేవారు. మా జడ రిబ్బన్లు చక్రంలోకి వేలాడితే వెనక్కి తిరిగి చూడకుండానే "జడ లోపలికమ్మా" అనేవారు, ఎలా తెలిసేదో మరి. ఎత్తు రోడ్డు వస్తే "ముందుకు జరగండి", పల్లం వస్తే "వెనక్కి జరగండి" అంటూ రోజూ మాచేత కసరత్తు చేయించేవారు. గుర్రాన్ని కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. కొరడా కర్రని చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడిస్తే చాలు, అది పరుగెత్తేది. "బండెక్కినాక అందరూ నా పిల్లలే, దిగినాక ఎవరి పిల్లలు వాళ్ళకి" అని నవ్వేవారు.

మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన లైసెన్సులో మాత్రం బండివాడితో కలిపి ఐదుగురే అని ఉండేది. మేం ఆరుగురం, ఆయనతో ఏడుగురం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మా పెద్దవాళ్ళకీ తెలుసు. రెండు బళ్ళు పెట్టుకోమని ఆయన మొదట్లోనే చెప్పారట. "పిల్లలే కదయ్యా, సర్దుకుంటారు" అని మా పెద్దవాళ్ళే ఒక్క బండికి ఖాయం చేశారు.

జట్కా స్టాండులో కేసుల వ్యవహారం ఒక వింత. నెలాఖరు వచ్చేసరికి కానిస్టేబులుకి చిల్లర కేసులు కావాలి. దీపం లేదనో, బండి రోడ్డుకి అడ్డంగా ఉందనో ఏదో ఒకటి రాసుకోవాలి. అతను స్టాండులోకి వచ్చి "ఈసారి ఎవరిదిరా?" అని అడిగితే, బళ్ళవాళ్ళు వంతులేసుకుని పేరిచ్చేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ, మామగారి ఊరినించి ఎవరైనా వచ్చి ఉన్నవాళ్ళకీ కోర్టు గుమ్మంలో బంట్రోతు తమ పేరూ తండ్రి పేరూ కేకేసి పిలుస్తాడంటే తలకొట్టేసినట్టు ఉంటుంది కదా. అలాంటి వాళ్ళ వంతులన్నీ సాయిబు తాతే నెత్తిన వేసుకునేవారు. "నా పేరు రాయండి బాబూ, ఆ కేక నాకలవాటే" అనేవారట. వెలుగుతున్న దీపం పక్కన నిలబడి దీపం లేదని ఒప్పుకున్న రోజులు కూడా ఉన్నాయని మా బంట్రోతు ఇప్పటికీ చెబుతాడు. అవన్నీ కోర్టు రిజిస్టరులో ఆయన పాత నేరాల కింద జమ పడుతూ వచ్చాయి.

అసలు కేసు మావల్లే వచ్చింది. కొత్త మేజిస్ట్రేటు గారు వచ్చిన రోజుల్లో ఒకనాడు కానిస్టేబులు మా జట్కా ఆపి, బండి రేకు మీది నంబరు రాసుకున్నాడు. మమ్మల్ని దిగి నడవమన్నాడు. మొదటి వాయిదాలో మేజిస్ట్రేటు గారు సాయిబు తాతతో మంచిగానే మాట్లాడారట. బడిపిల్లలంటున్నావు కాబట్టి, ఎవరైనా ఒక తండ్రిని వచ్చి వాళ్ళ పేర్లూ వయసులూ చెప్పమను, చిన్నపిల్లలని తేలితే హెచ్చరించి వదిలేస్తాను అన్నారు. ఒక్క మనిషి వచ్చి ఒక్క ముక్క చెబితే ఆయన లైసెన్సు నిలబడేది.

ఆ వారమంతా ఆయన సాయంత్రాలు మా ఇళ్ళ చుట్టూ తిరిగారు. మా ఇంటికి వచ్చినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మా అమ్మ ఆయనకోసం విడిగా ఉంచిన గ్లాసులో మజ్జిగ పోసి అరుగు చివర పెట్టింది. మా నాన్నకి మిర్చి కమిషను కొట్టు ఉండేది. ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి.

"ఏం సాయిబూ, తెలిసే అడుగుతున్నావా? ఆడపిల్ల పేరూ వయసూ కోర్టు కాగితం మీదకి ఎక్కితే రేపు పెళ్ళివారికి ఏం చెప్పుకోను? డాక్టరుగారిని అడుగు, వాళ్ళ పిల్లా నీ బండిలోనేగా, పైగా ఆయన గవర్నమెంటు మనిషి."

"అక్కడికే ఎళ్ళొచ్చానండి. మిమ్మల్ని అడగమన్నారు."

"అయితే ఇంకెవరినన్నా చూసుకో."

ఆయన మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. ఆరిళ్ళలోనూ ఇదే కథ. ఒకరు ఇంకొకరింటికి పంపారు, చివరివారు మళ్ళీ మొదటివారింటికి పంపారు.

తరవాతి వాయిదాలో ఏం జరిగిందో చాలా ఏళ్ళకి మా బంట్రోతు నోట విన్నాను. తండ్రులెవరూ రాలేదు. మేజిస్ట్రేటు గారికి కోపం వచ్చింది. "పేర్లు చెప్పు, నేనే సమన్లు పంపించి రప్పిస్తాను" అన్నారు.

సాయిబు తాత చేతులు కట్టుకుని, "పిల్లలు లేరండయ్యా. మనుషులు నలుగురే. మీద రెండు మిరపకాయ బస్తాలేశానండి" అన్నారు.

"మరి పోయిన వాయిదాకి పిల్లలన్నావే!"

"బయపడి అబద్దం చెప్పానండి. ఇప్పుడు చెప్పేదే నిజం."

కానిస్టేబులు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడట. అతనికీ ఇద్దరు కూతుళ్ళు. మనుషులెక్కే బండిలో సరుకు వెయ్యడం మరింత పెద్ద తప్పు, పైగా కోర్టులో అబద్ధం ఆడానని తన నోటితో తనే చెప్పుకున్నారు. మేజిస్ట్రేటు గారు పాత కేసులన్నీ తీసి చూశారు. జరిమానాతో పాటు లైసెన్సు రద్దు చెయ్యమని మున్సిపాలిటీకి రాశారు.

ఆయన గుర్రాన్ని అమ్మేశారు. మా నాన్న పిలిచి మా కొట్లోనే బస్తాలు మోసే పని ఇచ్చారు. ఇచ్చి, చాలా మంచిపని చేశాననుకున్నారు. మిరపకాయల ఘాటులో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి గుండెలు ఎలా ఉంటాయో మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నేను కొట్టుకి అన్నం కారేజి తీసుకెళితే, వీపు మీద బస్తాతో వంగి ఉన్న ఆ మనిషి తల కాస్త పైకెత్తి "బాగా చదువుతున్నావా పాపా?" అని దగ్గుతూ అడిగేవారు. నాకు ఏడుపు వచ్చేది. అది ఎవరికి కనిపిస్తుందోనని గబగబా వచ్చేసేదాన్ని.

చదువయ్యాక టైపు నేర్చుకుని ఆ కోర్టులోనే నకళ్ళు తీసే పనిలో చేరాను. అక్కడ నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఏ పేరైతే కోర్టు కాగితం మీదకి ఎక్కకూడదని మా నాన్న ఒక మనిషి పొట్ట కొట్టారో, ఆ పేరే ఇప్పుడు రోజూ కోర్టు కాగితాల అడుగున ఉంటోంది. మొదటి జీతం తెచ్చి ఇచ్చిన రోజున మా నాన్న దాన్ని దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఆ పక్కనే నిలబడ్డ నాకు ఎంత రోతగా అనిపించిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను చేరిన కొద్ది నెలలకి సాయిబు తాత కోర్టుకి వచ్చారు. మళ్ళీ లైసెన్సు అడిగితే, పాత కేసు నకలు తెమ్మని మున్సిపాలిటీలో అన్నారట. నన్ను చూసి చెప్పులు బయటే విడిచి, "అమ్మాయిగారూ" అన్నారు. ఆ పిలుపు నాకు చెంపదెబ్బలా తగిలింది. కేసు నంబరు ఏమిటని అడిగితే తెలియదన్నారు. ఏ సంవత్సరమంటే, "వాగొచ్చి చప్టా కొట్టుకుపోయిన మరుసటేడండి" అన్నారు. ఆయన పేరున్న సాయిబులు మా తాలూకాలో వీధికొకరు. తండ్రి పేరు కలిసినవాళ్ళు కూడా ఉన్నారు. అటకల మీది కట్టలన్నీ దింపించి, దుమ్ములో పేజీ తరవాత పేజీ వెతికాను. ఆ చిల్లర కేసుల కాగితాలు ఎప్పుడో తగలబెట్టేశారు, రిజిస్టరు ఒక్కటే మిగిలింది. ఆఖరికి బండి రేకు నంబరు చెప్పండి తాతా అంటే టక్కున చెప్పారు. దాన్ని పట్టుకుని వెతికితే దొరికింది.

ఇంగ్లీషులో ఉన్న ఆ వరసని ఆయనకి తెలుగులో చదివి వినిపించాలి. "మిరపకాయ బస్తాలు రెండు అదనంగా..." అని చదివి, ఆ వరస మీద వేలు ఆపేశాను. ఆ బస్తాల్లో ఒకటి నేనే కదా.

"తాతా, నేను మేజిస్ట్రేటు గారితో చెబుతాను. జరిగింది జరిగినట్టు అర్జీ రాసి సంతకం పెడతాను. ఇందులో మీ తప్పేం లేదని తేలుద్ది" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అదేం చెయ్యమాకమ్మా. నీకింకా పెళ్ళి కాలేదు. బస్తాలని అట్టాగే ఉండనియ్యి. బస్తాలకి పెళ్ళి చెయ్యక్కర్లేదుగా!"

తనే నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, అర్జీ రాసే పని తప్పిందని కాస్త ఊరట కూడా కలిగింది. అది గమనించుకుని మరింత సిగ్గుపడ్డాను. నకలు టైపు చేశాను. మూల ప్రతితో సరిచూశాను. అసలుకి సరియైన నకలు అని ముద్ర వేయించి, టైపు చేసినదాని కింద నా పేరు రాశాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నారు.

లైసెన్సు వచ్చింది. ఎక్కడో చీరాల వైపు నుంచి ఒక ముసలి గుర్రాన్ని తెచ్చుకున్నారు. బడిపిల్లల్నే ఎక్కించుకునేవారు. మా అక్క కూతురు కూడా అందులోనే వెళ్ళేది. ఈసారి నలుగురినే అని ఖచ్చితంగా చెప్పి మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఎదురింటివాళ్ళు ఐదో పిల్లని తెచ్చి "చిన్నపిల్లే కదయ్యా, సర్దు" అన్నారు. అప్పుడు నేనూ మా గుమ్మంలోనే ఉన్నాను. నోరు విప్పి కాదనలేదు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కోర్టు వరండాలో నిలబడి ఉంటే ఆ జట్కా రోడ్డు మీద నెమ్మదిగా వస్తూ కనిపించింది. వెనక నలుగురు పిల్లలు. ముందు ఆయన కూర్చునే చోట మా అక్క కూతురు, చేతిలో కళ్ళేలు. ఆయన తలకి తుండు చుట్టుకుని, కాలే తారు మీద గుర్రం పక్కన నడుస్తున్నారు, ఆగి దగ్గుకుంటూ, మళ్ళీ నడుస్తూ.

"తాతా, నువ్వూ ఎక్కు తాతా!" అని అరిచింది ఆ పిల్ల.

"నేనెక్కితే కేసవుద్దమ్మా" అన్నారు ఆయన.