మరమనిషి ప్రాణం

హజరత్తయ్యది గూడూరు. పంచాయతీ రేడియోలకు బ్యాటరీలు మార్చడం అతని ఉద్యోగం. సైకిలు వెనక బ్యాటరీలు కట్టుకుని దొరవారిసత్రం చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. తీరిక దొరికితే మరమనుషుల మీద కథలు రాసేవాడు. మద్రాసు పత్రిక ఒకటి మూడు కథలు తిప్పి పంపింది. మూడోదానితో సంపాదకుడి చీటీ కూడా వచ్చింది: "మీ మరమనిషి ఎలా నడుస్తాడో రెండు పేజీలు చెప్పారు. వాడేమైపోతే మాకేం?"

ఆ మాటకు హజరత్తయ్యకు వారం రోజులు అన్నం సయించలేదు.

పందొమ్మిది వందల అరవై మూడులో ఒక పొద్దున, పులికాట్ సరస్సు ఒడ్డున ఓ పల్లెలో రేడియో మూగబోయిందంటే వెళ్లాడు. పాత బ్యాటరీ ఊడదీస్తుంటే, అక్కడ చేపలు ఎండబెట్టుకుంటున్న ముసలామె పిచ్చమ్మ దగ్గరికొచ్చింది.

"ఏమబ్బయా, దీని ప్రాణం ఆ పెట్టెలో ఉండాదా?"

"అంతే అవ్వా."

"మా అమ్మ చెప్పే కథలో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాలవతల చిలకలో ఉంటది. అట్టాంటిదే."

హజరత్తయ్య చేయి ఆగిపోయింది. ఇంటికెళ్లి ఆ వారమే కథ రాశాడు. ఒక కాంట్రాక్టరు మరమనిషి బ్యాటరీని దీవిలో దాచి, వాడిచేత జాలర్ల వలలన్నీ లాగేయిస్తాడు. ఒక జాలరి పిల్ల ఈదుకుంటూ వెళ్లి ఆ పెట్టె పగలగొడుతుంది. మరమనిషి కూలిపోతాడు.

పోస్టు చేసేముందు పిచ్చమ్మకు చదివి వినిపించాడు. ఆమెకు కోపమొచ్చింది.

"రాక్షసుడంటే మనుషుల్ని తినినాడు. వీడేం తినినాడు? లాగమన్నది కాంట్రాక్టరు గదా!"

"వాడు మర అవ్వా. వాడికేం తెలుస్తది?"

"తెలీనోణ్ణి చంపేదెందుకు? వాడి పెట్టె వాడి చేతికియ్యి."

అతను వాదించాడు, అలిగాడు, చివరికి మార్చాడు. పిల్ల పెట్టె తెచ్చి మరమనిషికే ఇచ్చింది. వాడు దాన్ని రొమ్ములో పెట్టుకుని, వలలు ఎవరివి వాళ్లకు పంచి, ఉత్తరంగా నడిచి వెళ్లిపోయాడు.

ఈసారి అచ్చయింది. హజరత్తయ్య పత్రిక పట్టుకుని పల్లెకు పరుగెత్తాడు. పిచ్చమ్మకు చదువు రాదు. కథకు వేసిన మరమనిషి బొమ్మను మాత్రం కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏందబ్బయా, వీడికి బొడ్డు పెట్టినారే! కన్నతల్లి లేనోడికి బొడ్డు యాడిది?"

హజరత్తయ్య పడీపడీ నవ్వాడు. ఆ సంగతి పత్రికకు కార్డు రాశాడు కానీ జవాబు రాలేదు. ఆ తర్వాత అతని కథలు మరో ఆరు అచ్చయ్యాయి. అచ్చుకు పంపే ప్రతి కథా ముందు పిచ్చమ్మ వినాల్సిందే.