సమాధి ఖాళీ అయిందని చెప్పింది నేనే

ఈమధ్య నాకు డెలివరీ మెసేజీల మీద నమ్మకం పోయింది. పార్సిల్ మీకు అందిందని ఫోను మోగుతుంది. తలుపు తీస్తే గుమ్మంలో పక్కింటివాళ్ల చెప్పులు తప్ప ఏమీ ఉండవు. ఫోన్ చేసి అడిగితే, "దార్లనే ఉన్న సార్, ముందుగాల అయిపోయిందని కొట్టిన, ఫికర్ జెయ్యకుండ్రి" అంటాడు డెలివరీ కుర్రాడు. మొన్నొకసారి నాలుగు మాటలు అందామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆ మాటలు అనే అర్హత నాకు లేదు. చేయని పనిని అయిపోయిందని చెప్పి, రెండు వందల మంది ఈస్టరు పండుగను ఇంకా సూర్యుడైనా రాకముందే నేలకూల్చిన ఘనత నాది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రాజెక్టు కోఆర్డినేటర్ని. అంటే, పనిచేసేవాళ్లను "అయిందా?" అని అడిగి, వాళ్లు ఊఁ అంటే షీటులో ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసేవాణ్ని. మా ఆఫీసులో ఒక పని అయిందంటే, అది కావడానికి ఎవరికీ అభ్యంతరం లేదని మాత్రమే. అంతకుమించి ఎవరూ ఆశించేవారు కాదు.

మణికొండలో నా ఫ్లాటులోనే ఉండే ప్రభుదాసు వాళ్లది లింగంపల్లిలో ఒక చర్చి. గుడ్ ఫ్రైడే సాయంత్రం యేసును సమాధిలో ఉంచే ఘట్టం, ఆదివారం తెల్లవారుజామున స్త్రీలు వచ్చి ఖాళీ సమాధిని చూసే ఘట్టం, అక్కడ ఏటా నాటకంగా వేస్తారు.

"ఈసారి పనుల లిస్టంతా నువ్వు చూసుకో రాఘవా," అన్నాడు.

"నేను మీ చర్చివాణ్ని కాను కదరా."

"షీటుకు మతమేముంది?"

నిజమే అనిపించింది. నలభై పనుల షీటు తయారుచేశాను. అందులో నా పేరు ఎదురుగా ఒక్కటే పని: శనివారం, సమాధి ఖాళీ చేయుట.

సమాధి అంటే ఫ్రిజ్ అట్టపెట్టెల మీద గోనెగుడ్డ కప్పి, బూడిదరంగు పూసిన గుహ. దాని నోటికి థర్మోకోల్ బండరాయి. లోపల ఉంచే దేహాన్ని కూడా నేనే సమకూర్చాను. నా యోగా మ్యాటును చుట్టగా చుట్టి, నా రెండు దిండ్లు కట్టి, తెల్ల దుప్పటిలో చుట్టాను. శుక్రవారం దాన్ని మోసుకెళ్తుంటే జనం నిజంగా ఏడ్చారు. కొన్నప్పటి నుంచీ ఆ మ్యాటు ఒక మనిషిని కదిలించడం అదే మొదలు.

అందరికంటే ముందు సమాధిలోకి తొంగిచూసే మగ్దలేనే మరియ వేషం ప్రభుదాసు వాళ్లమ్మ మార్తమ్మ గారిది. ఇరవై ఏళ్లుగా ప్రతి ఈస్టరుకూ అందరికీ ఇడ్లీలు వండుతూ, ఆ నాటకాన్ని వంటగది కిటికీలోంచి చూసినావిడ. ఆ ఏడు నోరు తెరిచి అడిగి మరీ వేషం తీసుకున్నారు. నెల రోజులు మాటలు వల్లె వేశారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచారు.

"నాకు నటన రాదు బాబూ. ఆ లోపలికి వంగి చూసి, ఆయన లేరే అనుకుంటే చాలు, ఏడుపు దానంతటదే వచ్చేస్తుంది. కాబట్టి లోపల నిజంగా ఏమీ ఉండకూడదు. మడిచిన బట్ట ఒక్కటే. అదొక్కటీ చూసిపెడతావా?"

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా, నేనున్నాను కదా," అన్నాను. చరిత్రలో పెద్ద పెద్ద ఓడలు మునిగే ముందు ఎవరో ఒకరు ఈ మాటే అని ఉంటారని నా అనుమానం.

శనివారం వచ్చింది. ప్రభుదాసుకు ఆఫీసులో పని పడింది. నాకు సోఫాలో పడింది. ఎండ తగ్గాక ఐదింటికి వెళ్దామనుకున్నాను. మూడింటికి ఫోన్.

"సమాధి అయిందా?"

"ఆఁ, అయిపోయింది."

"బట్ట మడిచి పెట్టావా?"

"పెట్టాను."

"ఒకసారి చూసుకున్నావుగా?"

"అంటే, నన్ను అనుమానిస్తున్నావా?"

ఆ చివరి మాటలో కాస్త బాధ కూడా పలికించాను. పాఠకులు తొందరపడి నన్ను అబద్ధాలకోరు అనకండి. ఐదింటికి చేయబోయే పనిని రెండు గంటలు ముందుగా చెప్పాను, అంతే. పనిలో పనిగా గడికి ఆకుపచ్చ రంగు కూడా వేసేశాను.

చిక్కల్లా ఐదింటికి వచ్చింది. ఇంకా ఏం పనులు మిగిలాయో చూద్దామని షీటు తెరిచాను. మొదటి గడి నుంచి చివరి గడి దాకా పచ్చగా, ఆగస్టు నెల వరిచేనులా ఉంది. నాకు మిగిలిన పని ఏదీ లేదు! షీటులో ఉన్నాక కాదనడానికి నేనెవణ్ని? హాయిగా పడుకున్నాను. తలకింద దిండ్లు లేవేమిటా అని ఒక్కసారి అనిపించిన మాట నిజం. నాలుగు చొక్కాలు మడిచి పెట్టుకున్నాను.

ఆదివారం చీకటి విడీ విడకముందే చర్చి ఆవరణ నిండిపోయింది. నేను ముందు వరుసలో ఫోను చేతబట్టి వీడియో తీస్తున్నాను. ఉరుము చప్పుడయింది. కావలి కాసే రోమా సైనికుడు, మామూలు రోజుల్లో ఆటో నడిపే దావీదన్న, చచ్చినవాడిలా దబ్బున పడ్డాడు. బండరాయి దొర్లింది. దేవదూత రెక్కలతో ప్రభుదాసు వచ్చి, సమాధికి వీపు పెట్టి నిలబడి, జనం వైపు చేతులు చాచాడు.

"భయపడకండి! మీరు వెదికే ఆయన ఇక్కడ లేడు. వచ్చి చూసుకోండి!"

మార్తమ్మ గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. నిటారుగా లేచి, మెడలో మైకు ఉన్న సంగతి మరిచి, ఇంట్లో మాట్లాడే గొంతుతో అన్నారు:

"ఉన్నారు కదరా."

అమ్మ మాటలు మరిచిందనుకున్నాడు దేవదూత. నవ్వు చెదరకుండా అందించాడు. "లేడమ్మా. లేచాడు."

"ఎక్కడ లేచారు? పడుకునే ఉంటేనూ!"

"సరిగ్గా చూడమ్మా. ఖాళీ!"

"నా కళ్లు బాగానే ఉన్నాయి. నువ్వే వెనక్కి తిరుగు."

దేవదూత వెనక్కి తిరిగాడు. చచ్చిపడిన దావీదన్న ఒక కన్ను తెరిచాడు.

"ఏందిది దాసూ! నిన్ననే తీసేసిండని చెప్తివి గద!" అని, తాను చచ్చిన సంగతి గుర్తొచ్చి మళ్లీ కన్ను మూశాడు.

ప్రభుదాసు చూపు తిన్నగా ముందు వరుసలోకి వచ్చింది. దేవదూతలకు అంత కోపం వస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

అప్పుడైనా నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఫోను కుర్చీలో పడేసి, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ జీన్స్ ప్యాంటుతో వేదిక ఎక్కి, సమాధిలో దూరి, దేహాన్ని భుజాన వేసుకుని పరుగెత్తాను. సగం దారిలో పొద్దుతిరుగుడు పూల గలీబుతో దిండొకటి జారి పడింది. దానికోసం వెనక్కి కూడా వచ్చాను. ఎందుకు వచ్చానో నేటికీ చెప్పలేను.

బైబిల్లో ఆ కథకు ఇంకో ముక్క ఉందని నాకు తర్వాత చెప్పారు. సైనికులు నిద్రపోతుంటే శిష్యులు వచ్చి దేహాన్ని ఎత్తుకుపోయారని అప్పట్లో ఒక పుకారు పుట్టించారట. కాదు, కాదని చర్చివాళ్లు రెండు వేల ఏళ్లుగా చెప్పుకొస్తున్నారట. నేను దాన్ని ఒక్క నిమిషంలో, సైనికుడు పడి ఉండగానే, రెండు వందల మంది సాక్షుల ముందు చేసి చూపించాను.

"రాయి దగ్గర్నుంచి మళ్లీ వేద్దాం," అన్నారు పాస్టరు అయ్యగారు, మైకు అందుకుని.

నేను దుప్పటి విప్పి, మడిచి లోపల పెట్టాను. రాయిని మూశారు. మళ్లీ ఉరిమింది. దావీదన్న మళ్లీ చచ్చాడు. మార్తమ్మ గారు మళ్లీ వంగి చూశారు. ఈసారి లోపల మడిచిన దుప్పటి ఒక్కటే ఉంది. ఆవిడ భుజాలు కదిలాయి. హమ్మయ్య, ఏడుస్తున్నారనుకున్నాను. మైకులోంచి వచ్చింది నవ్వు. ఆపుకుందామని కొంగు అడ్డం పెట్టుకున్నారు, ఆగలేదు. జనమంతా అందుకున్నారు. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూనే, "ఆయన లేరు! నేను చూశాను!" అని వాళ్ల మధ్యకు పరుగెత్తారు. ఆ కబురు ఇంత సంతోషంగా తెచ్చినవాళ్లను తానెన్నడూ చూడలేదన్నారు అయ్యగారు. కానీ నెల రోజులుగా ఆవిడ దాచుకున్న ఏడుపు మాత్రం నా దిండుతోపాటే పోయింది.

తర్వాత ఆవిడ వేషం తీయకుండానే ఇడ్లీలు వడ్డిస్తుంటే, ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడి, శాస్త్రోక్తంగా ఒట్టు పెట్టుకున్నాను.

"అమ్మా, ఈ జన్మలో నా కళ్లతో చూడనిదే ఏదీ అయిపోయిందనను. రేపు నా పెళ్లయినా సరే, తాళి ఎవరి మెడలో ఉందో వెళ్లి చూసుకున్నాకే గడికి రంగు వేస్తాను."

ఆవిడ నా ప్లేటులో రెండు ఇడ్లీలు వేసి, చట్నీ పోస్తూ తలెత్తకుండా అన్నారు:

"అప్పుడూ ఇంతే బాబూ. ఆయన శిష్యులు, ఆ మగాళ్లంతా, తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు. వెళ్లి చూసింది ఆడవాళ్లే."