వెనక్కి తిరిగే తహసీల్దారు

అమెరికా సమానత్వం గురించి ఇక్కడ మా బాతెల్ ఊరి లైబ్రరీలో లావుపాటి పుస్తకాలు చాలానే చదివాను గానీ, అది ఎలా పనిచేస్తుందో చూసింది మాత్రం మా తహసీల్దారు గారి మెడ మీదే. రిటైరై మా వీధిలోనే ఉన్న కూతురి ఇంటికి వచ్చిన ఆయన్ని ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవారు. ఉద్యోగమున్నన్నాళ్లూ అందరూ, ఆఖరికి భార్య కూడా, ఆయన్ని 'సార్' అనే అన్నారట.

లైబ్రరీ కౌంటర్‌లో ముక్కుపుడక అబ్బాయి "హాయ్" అంటూ పేరు పలికితే వెనక్కి తిరిగారు. పక్కింటి ఐదేళ్ల పిల్ల పిలిచినా అంతే.

"వీళ్లకి చిన్నా పెద్దా లేదండీ. నేను తిరిగి వెళ్లేలోపు ఒక్కడు సార్ అంటే చాలు," అని వాపోయేవారు.

"అదే సమానత్వమండీ. పుస్తకాల్లో ఉంది."

"ఆ పుస్తకాలు మీరే ఉంచుకోండి."

ఓ ఉదయం వాకింగ్‌లో ఆయన ఎర్రలైటు ఉండగానే రోడ్డు దాటబోయారు. పోలీసు కారు ఆగింది.

"సర్, స్టెప్ బ్యాక్, సర్," అని లోపలి ఆఫీసరు గట్టిగా గదమాయించాడు.

నేను గబుక్కున సైడ్‌వాక్ మీదికి తగ్గాను. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. హుందాగా తలూపి సైడ్‌వాక్ ఎక్కారు.

"విన్నారా? రెండుసార్లు అన్నాడు."

ఇక్కడి పోలీసులు దొంగని కూడా సర్ అనే అంటారని చదివాను. చెప్పబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

మర్నాడు అదే సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడగానే, ఆయన పోలీసు కారు కోసం అటూ ఇటూ చూసి, ఒక కాలు రోడ్డు మీద పెట్టారు.