వాలుచేనుకు నాలుగు మూలలు

నాలుగు అంకెలతో ఒక మనిషి కడుపు కొట్టొచ్చంటే నమ్మరా? కూర్చోండి, చెబుతాను. కొట్టింది నేనే.

అప్పటికి నాకు ముప్పై నిండాయి, బుద్ధి నిండలేదు. ఖమ్మంలోని మా చిన్న కంపెనీకి, భద్రాచలం అవతలి పోడు చేల పట్టా దరఖాస్తులను కంప్యూటర్లో సరిచూసే పని వచ్చింది. చేను సర్కారు టేకు ప్లాంటేషన్ మీద పడితే దరఖాస్తు తిరస్కారం. పటాల లెక్కలన్నీ చేసే కోడు లైబ్రరీ రాసింది నేను. అందులో నా ముద్దుబిడ్డ ‘డబ్బా’. చేను ఎంత వంకరగా ఉన్నా, దాని చుట్టూ ఉత్తర దక్షిణాలకూ తూర్పు పడమరలకూ నిక్కచ్చిగా గీసిన పెట్టె అన్నమాట. నైరుతి మూల, ఈశాన్య మూల గుర్తుంటే చాలు, మూలకు రెండు చొప్పున నాలుగు అంకెల్లో పెట్టె మొత్తం దొరికిపోతుంది. అందరి కుందేలుకూ మూడే కాళ్లయితే, నా కుందేలుకు రెండే.

చేను డబ్బా ప్లాంటేషన్ డబ్బాకు తగిలిందా, తిరస్కారం. క్షణంలో తీర్పు.

మా టీమ్ పెద్ద నరహరి సారు మాత్రం నసిగాడు. “డబ్బాలు తగిలితే చేలు తగిలినట్టు కాదు కదమ్మా. తగలొచ్చు అని మాత్రమే. అసలు గట్లు పోల్చే రెండో పరీక్ష ఏది?”

“అది పెడితే నత్తలెక్క నడుస్తది సార్.”

“నడవనీ.”

“మీకు వేగమంటే పడదు సార్. అందుకే ఇంకా ఆ స్కూటర్ నెట్టుకొస్తున్నరు.”

నాతో వాదించి గెలిచినవాళ్లు జిల్లాలో లేరు. నా ఖర్మ అదే.

జాబితా వెళ్లింది. ఒక గూడెంలో వాగు వెంట వాలుగా, ఐమూలగా సాగే చేలన్నీ తిరస్కారం. విత్తనం వేయొద్దని నోటీసులు కూడా అందాయి. ముత్తమ్మ అనే కోయ రైతు ఒప్పుకోలేదు, వచ్చి చూడమని అర్జీ పెట్టింది. చూడ్డానికి నన్నే పంపారు.

“టేకు చెట్లు వాగు అవతల ఉన్నయి. నా చేను ఇవతల ఉన్నది. రెండూ ఎట్ల కలిసినయి బిడ్డా?”

“కంప్యూటర్ తప్పు చేయదవ్వా. రా, మూలలు చూపిస్త.”

చేతిలో జీపీఎస్, మొహంలో పొగరు. మొదటి మూల ముళ్లపొదలో తేలింది, నా చీర చిరిగింది. రెండోది వాగులో, మోకాళ్లదాకా నీళ్లు. మూడోది రాళ్లగుట్ట మీద. నాలుగోది అవతలి గట్టున, టేకు చెట్ల మధ్య. నాలుగు మూలలు తిరిగాం, ఒక్కటీ ఆమె చేనులో లేదు. చేనేమో మధ్యలో, గదిలో ఐమూలగా పడుకున్న మనిషిలా ఉంది. ఆ మనిషి పేరిట గది మొత్తం రాసింది నేనే, గది ఆక్రమించావని కేసు పెట్టిందీ నేనే.

“గివి నా మూలలా?”

“డబ్బా మూలలవ్వా.”

“మీ ఖమ్మంల డబ్బాలల్ల పత్తి పెడ్తరా?”

జీపీఎస్ ఆపేశాను. వాదనలో ఓడిపోయాను, జీవితంలో మొదటిసారి.

రెండో పరీక్ష ఒక్క రోజులో రాసేశాను. కానీ నోటీసు వెనక్కి తీసుకోవాలంటే విచారణ జరగాలి, దానికి నెలలు పట్టింది. ఆ వానాకాలం వాగు వెంట గడ్డి తప్ప ఏమీ మొలవలేదు. ముత్తమ్మ పరాయి చేలల్లో కూలికి పోయింది.

చివరికి విచారణ రోజు వచ్చింది. మా కంపెనీ తరఫున నేను రాసిన నివేదికను అధికారి చదివాడు. “సాఫ్ట్‌వేర్ వల్ల పొరపాటు జరిగింది.”

ముత్తమ్మ లేచింది. “ఆ సాఫ్ట్‌వేర్ ఎవరు సారు? ఈడికొచ్చిండా?”

నరహరి సారు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చెయ్యెత్తాను. “నేనే అవ్వా.”

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. “నువ్వేనా? మరి వేరేటోని పేరు రాసినవేంది?”

పట్టా వచ్చింది. పోయిన పంట రాలేదు.

కాబట్టి మీ అందరి ఎదుటా, గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా డబ్బా ఇకమీదట “తగలొచ్చు” అంటుందే తప్ప తీర్పు చెప్పదు. నేను చేసిన తప్పు మళ్లీ కాగితమెక్కితే, దాని పక్కన ఇంటిపేరుతో సహా నా పేరే ఉంటుంది.